ప్లగ్గు పీకేశాక

ప్రయోగశాలలో మైక్రోస్కోపు ముందు అక్కాచెల్లెళ్లు ఇద్దరే ఉన్నారు. చెల్లెలిది అక్కడే ఉద్యోగం. ఫోను చేసి రమ్మంటే అక్క ఆయాసపడుతూ వచ్చింది.

“అక్కా, చూడు! కొట్టుకుంటున్నాయి!”

“పోయినసారీ ఇలాగే గంతులేశావు. తీరా చూస్తే ఫ్రిజ్ మోటారు అదురు.”

“అందుకే ఈసారి ముందే ప్లగ్గు పీకేశాను. చూడు తల్లీ, నీకు పుణ్యముంటుంది!”

“అమ్మో! నిజంగానే ముడుచుకుంటున్నాయే! ఈ కణాలు నా చేతి మీంచి తీసిన చర్మంలోవేనా?”

“ఆ బియ్యపుగింజంత ముక్కలోవే. ప్రతి కణంలోనూ ఒళ్లంతటికీ సరిపడే పుస్తకం ఉంటుందక్కా. చర్మం తన పేజీ చదువుకుంటుంది, గుండె తన పేజీ చదువుకుంటుంది. మూడు నెలలు బతిమాలి వీటిచేత పేజీ తిప్పించి, గుండె పేజీ చదివించాం.”

“మరి మధ్యమధ్యలో ఓ దెబ్బ ఎగ్గొడుతున్నాయేం?”

“అచ్చం నీ గుండెలాగే! డాక్టరుగారు నీకివ్వాలా వద్దా అని తటపటాయిస్తున్న మందు ఇదిగో. నీకంటే ముందు వీటికి వేస్తున్నా. ఒక్క చుక్క.”

“వెయ్యి, వెయ్యి!”

“వేశాను. కాసేపాగు... ఆఁ, ఇప్పుడు లెక్కపెట్టు.”

“ఒకటి, రెండు, మూడు... ఇరవై... ముప్పై... ఒసేయ్, ఒక్కటీ తప్పలేదే!”

“ఏదీ, నన్ను చూడనీ. అబ్బా, బల్లంతా వణికిపోతోంది! కాస్త చేతులు తియ్యి.”

“నేనేం చేశానే? ఆ ఫ్రిజ్ మోటారే అయ్యుంటుంది.”

“ప్లగ్గు పీకేశానని చెప్పానుగా అక్కా.”