ఎర్ర బకెట్ వంతు

ముంబై కామాటిపురలో, వరుస గదుల పాత చాల్‌లో యాదమ్మ నడిపే బస. పొద్దున, స్నానాల గది ముందు.

"యాదమ్మక్కా, లోపల ఎవ్వలు లేరు. తలుపు బార్లా తెరిచే ఉన్నది. నేను పోత."

"ఆగు కిరణ్. ముందల ఎర్ర బకెట్ ఉన్నది, కనవడ్తలేదా?"

"బకెట్ ఉన్నది. మనిషేడి?"

"ఈ చాల్‌లో బకెట్ ఉంటే మనిషి ఉన్నట్టే. మా తాతల నాటి కాయిదా."

"అట్లయితే బకెట్‌కే స్నానం పోయి."

"నోరు లేస్తున్నది. ఆ రంగు తల నా గోడకు ఆనియ్యకు, మొన్ననే సున్నమేసిన."

"ఈ రంగు కడుక్కోవాలనే గదా నా తన్లాట. గోవాల ఫొటోలు దిగుదామని పెట్టుకున్న. ఇంక జరసేపైతే చెవులు గూడ నల్లగైతయి."

"అయినయి, కిరణ్ భావూ."

"శైలేష్ భావూ, జూసుడు గాదు. ఎర్ర బకెట్ ఎనక నీదే బకెట్. నువ్వు కదిలితే నేను కదులుత."

"నాకేం తొందర? సైకిల్ మీద కన్యాకుమారి పోతున్న."

"ఏడికెళ్లి బయల్దేరినవ్?"

"ధారావికెళ్లి. పోయిన వారం."

"వారంల ఈ ఊర్లనే ధారావి నుంచి కామాటిపురకా?"

"నడుమ గ్రాంట్ రోడ్ల చుట్టాలు ఆపిండ్రు."

"నాకు వారం లేదయ్యా. అగో, కింద హారన్. గోవా వ్యాన్ డ్రైవర్ నన్ను ఇడిసిపెట్టి పోతడు. అక్కా, ఆ బకెట్‌ను ఇట్ల పక్కకు..."

"చెయ్యి తీయ్. నిరుడు ఒకడు జరిపిండు."

"ఏమైంది?"

"సోలాపూర్ దాకా సబ్బు నురుగుతోనే పోయిండు."

"ఖాళీ గదికి ముగ్గురం కావలి గాస్తున్నం. ఇదేం రాజ్యం అక్కా?"

"నా రాజ్యం. నచ్చకుంటే సముద్రముంది, పోయి మునుగు."

"మల్ల హారన్. అయిపోయింది, నా గోవా పోయింది. శైలేష్ భావూ, నీ సైకిల్ ఎనక జాగ ఉన్నదా?"

"ఉన్నది. గంట నువ్వే కొట్టాలె."

"నీతోని పోతే గోవా చేరేసరికి నా తల మల్ల తెల్లగైతది."

"ఊకోరి. ఎవలో మెట్లెక్కుతున్నరు."

"డ్రైవరే. మంగేషన్నా, బండి తీయకు, నీకు దండం పెడ్త. తల కడగకుండనే వస్త. పోదాం పా."

"బండి ఎట్ల తీస్త? ఎప్పటిసంది హారన్ కొట్టి కొట్టి అడుగుతున్న, ఒక్కలన్న పలుకుతలేరు. నా ఎర్ర బకెట్ వంతు వచ్చిందా, లేదా?"