వీరభద్రరావుగారు ఇచ్చిన సైజు

హలో… ఆ, నేనే అక్కా, కీర్తికని. ఇయర్‌ఫోన్‌లో మాట్లాడుతున్నా, చేతులు రెండూ పైకెత్తి ఉన్నాయి—

కాదు కాదు, పోలీసులెవరూ పట్టుకోలేదు. లోదుస్తుల షాపులో ఉన్నా. ట్రయల్ రూములో.

…అదే, ఎల్లుండి రిజిస్టర్ పెళ్ళికి వేసుకునే గౌను లోపలికి.

…ఎక్కడ దొరికిందీ! పొద్దుట్నుంచి ఇది ఐదో షాపు. ఆఫీసుకి సెలవు పెట్టా. కారణం ఏం రాయాలో తెలీక ‘ఫ్యామిలీ మేటర్’ అని రాశా. అబద్ధమేం కాదు. మన ఇంటి ఆడవాళ్ళందరిదీ ఇదేగా మేటర్.

…నవ్వు. నీకేం, నీ పెళ్ళి పట్టుచీరలో అయిపోయింది.

మొదటి షాపులో పిల్ల నన్ను చూసి, నేను నోరు తెరవకముందే ‘సారీ, నో సైజ్’ అంది. రెండో షాపులో అంటించుకునేవి ఇచ్చారు. పట్టీల్లేవు, హుక్కుల్లేవు. అచ్చం రెండు అప్పడాలు. అప్పడాల మీద పనసకాయలు ఆగుతాయా అక్కా?

…మూడోచోట పట్టీల్లేనిది ఒకటి బానే ఉంది. అద్దంలో చూసుకుని పొంగిపోయా. సరే, ఎందుకైనా మంచిదని తలంబ్రాలు పోసి చూశా—

బియ్యం ఎక్కడివి, ఉత్త చేతుల్తోనే. రెండు చేతులూ ఎత్తి శశికాంత్ నెత్తిన పోస్తున్నట్టు… ఒకటి, రెండు, మూడు. మూడోసారికి అది జారి నడుం దగ్గర ఆగింది. వడ్డాణం కొనుక్కోనక్కర్లేదిక.

…అవును, ఇక్కడా తలంబ్రాలే! కమలాదేవిగారి ఆర్డరు. మన ఊళ్ళో జరిగే పెళ్ళికి ఈ దేశంలోవాళ్ళు రాలేరు కదా, రిజిస్టర్‌లో సంతకాలవగానే స్టేజి మీద అవి కూడా కానిచ్చేద్దాం అన్నారు. అత్తగారాయె, నా గౌనుకి భుజాల్లేవండీ అని ఎలా చెప్పను?

…నువ్వూ అదే మాటా? చీర కట్టుకుని పవిట నిండుగా కప్పుకో అని. తెలుసు. అమ్మ కూడా పొద్దున్నే అంది.

…లేదక్కా, మొండితనం కాదు. ఊళ్ళో పెళ్ళికి ఎలాగూ చీరే. ఇదొక్కటే నాకు నేనుగా ఎంచుకున్నది. ఎనిమిదో క్లాసు నుంచీ వంగే నడుస్తున్నా. అప్పుడు పుస్తకాల సంచి, కాలేజీలో ఫైలు, ఇప్పుడు లాప్‌టాప్, ఏదో ఒకటి గుండెలకి అడ్డం. అందరూ లాప్‌టాప్ స్పీడు చూసి కొంటారు, నేను వెడల్పు చూసి కొన్నా.

ఒక్క పూట… అందరూ చూస్తుండగా ఒక్క పూట నిటారుగా నిలబడాలని ఉంది. అంతే. ఈ షాపులో కూడా దొరక్కపోతే చీరే కట్టుకుంటా, ఇంక ఏడవను, సరేనా?

…ఆ, ఉండు— ‘యెస్ ఆంటీ? ఓకే ఆంటీ, నాట్ మూవింగ్.’

…షాపావిడ. చైనీస్ ఆంటీ, డెబ్బై ఏళ్ళుంటాయి. మెడలో టేపు వేసుకుని తిరుగుతోంది. నేను వెళ్ళగానే ‘థర్టీ ఎయిట్ బీ’ అన్నా, ఎప్పుడూ చెప్పేదేగా. నన్ను ఎగాదిగా చూసి ‘హూ టోల్డ్ యూ?’ అని అడిగింది.

అక్కడే నా పరువు పోయింది. ఎవరు చెప్పారంటే ఏం చెప్పను? వీరభద్రరావుగారని చెప్పనా?

…అదే, భీమవరంలో మన బట్టల షాపాయన! గుర్తొచ్చాడా? ఎనిమిదో క్లాసులో నన్ను అమ్మ తీసుకెళ్ళింది. కౌంటర్లో ఆయన, పక్కన ఇద్దరు మగ గుమాస్తాలు. అమ్మ ఫ్యాను వైపు చూస్తూ ‘పిల్లకి ఒకటివ్వండి’ అంది. ఆయన మర్యాదస్తుడు, ఆడపిల్లని చూడకూడదని అమ్మ వైపు ఓ చూపు చూసి ముప్ఫై ఎనిమిది తీశాడు. న్యూస్‌పేపర్లో చుట్టాడు. అమ్మా నేనూ పరుగో పరుగు.

…అర్థమైందా? ఆయన కొలిచింది అమ్మని. పదహారేళ్ళుగా నేను అమ్మ సైజు వేసుకుంటున్నా!

సైన్స్ పార్కు ఆఫీసులో కూర్చుని మిల్లీమీటరులో వెయ్యోవంతు తేడా పట్టుకునే ఇంజనీరుని. నా మీద ఒక్కసారీ టేపు పెట్టుకోలేదు.

…ఆంటీ కొలిస్తే చుట్టూ ముప్ఫై నాలుగే. కప్పే… బీ కాదు, ఎఫ్. ఎల్‌కేజీ పిల్లలు కూడా బీ దాటి చదువుతారు కదా, నేను అక్కడే ఆగిపోయా.

…ఇప్పుడా? ఒకటి తొడిగి వెనక హుక్కులు పెడుతోంది, అందుకే చేతులు పైకి. నడుం దాకా ఉంది, లోపల సన్నటి పుల్లలు. పధ్నాలుగు, పదిహేను… అమ్మయ్య, అయింది. ‘స్టాండ్ స్ట్రెయిట్, గర్ల్’ అంటోంది.

నిలబడ్డా.

…ఉండు, తలంబ్రాలు పోస్తున్నా. ఒకటి… రెండు… మూడు… నాలుగు…

అక్కా, కదల్లేదు.

…ఏడవట్లేదు. ముక్కు పట్టేసింది, ఇక్కడ ఏసీ ఎక్కువ. సరే, ఏడుస్తున్నా. నేను ఇంత పొడుగని నాకే తెలీదు.

…అక్కా? ఏమన్నావ్, గట్టిగా చెప్పు.

…నీకూ ఆయనే ఇచ్చాడా?

…ఇప్పటికీ అదే సైజా!

…భుజాల మీద చెయ్యి పెట్టి చూడు. పట్టీల కింద గుంటలు పడ్డాయా? …రెండు వైపులా. ఎన్నాళ్ళయింది? …పాప పుట్టకముందు నుంచీనా? మరి మెడనొప్పికి వాడిన ఆ నూనెలూ, ఆ బెల్టూ… అక్కా!

…ఎవరూ అడగలేదంటే ఎలా అడుగుతారు, మనమెవరికైనా చెబితేగా.

…వయసేంటి, దీనికి వయసేంటి? పెళ్ళికూతుళ్ళకే భుజాలుంటాయా?

…పాపని బావగారు చూస్తారు. ఒక్క గంట. మీ జురాంగ్ వెస్ట్ నుంచి టాక్సీలో అరగంట కూడా పట్టదు. మూడో అంతస్తు, లిఫ్టు దిగి ఎడమకి. అడ్రసు పంపిస్తా.

‘ఆంటీ, డోంట్ క్లోజ్ యెట్ ప్లీజ్. మై సిస్టర్ కమింగ్.’

…ఏమందా? టేపు మళ్ళీ మెడలో వేసుకుంది.

…చున్నీయా? వేసుకునే రా, పర్లేదు. ఇక్కడ తలుపు వెనకాల కొక్కెం ఉంది.

సరే, దిగగానే మెసేజ్ పెట్టు. పెట్టేస్తున్నా.