రెండు చుట్లు వదలాలి

"తాతా, మా కొత్త కారు కింద ఎర్రగా ఏదో కారుతోంది. నువ్వు మెకానిక్‌వి కదా, కొంచెం బిగించి పెట్టవూ?"

బిగించాలా? ఓలమ్మ. కూకో గుంటా, కూకో. ముందు ఆ మాట ఎనక్కి తీసుకో. ఎర్రగా కారితే అది గేరుబాక్సు ఆయిలు. నీది ఆటోమేటిక్కు కదేటి, కిలచ్చి లేనిది? దానికి ముందు బిగించీకూడదు. గుడ్డెట్టి తుడిసి, కింద అట్టముక్క ఏసి, ఎక్కడ్నించి కారతందో సూడాలి. బిగించడమే వైద్యం కాదని నాకు ఎవులు నేర్పినారో తెలుసా? ఒక కొత్త పెళ్ళికూతురు. నవ్వకు, ఇను.

అప్పటికి మీ నాయనమ్మని సేసుకున్న ఏడే. కాదు కాదు, ఆ మరుసటేడు, మీ పెద్దత్త కడుపులో ఉన్నాది. టీ పదిహేను పైసలు. వన్ టౌన్‌లో మా మేస్త్రీ సెడ్డు, బళ్ళు బాగుసేసీది, అందులో నాను పనోడ్ని. మేస్త్రీకి తెలిసిన వైద్యం ఒక్కటే, బిగించడం. లారీ కారినా బిగించు, మోగినా బిగించు, ఆడి పెళ్ళాం అరిసినా ఆడు ఎల్లి ఏదో ఒక నట్టు బిగించీసి వచ్చీవోడు. ఆ సెడ్డుకి ఒక కట్టు ఉండీది. తప్పు సేత్తే సెయ్యి గానీ, బండిగలాయన ముందు ఒప్పుకోకూడదు. ఆయిలు మంచిది కాదను, రోడ్డు మంచిది కాదను, అంతకుముందు సేసినోడు ఎదవను. ఒప్పుకున్నోడు ఆ రోజే బయటికి. అలాగ ఇద్దర్ని పంపీడం నా కళ్ళతో సూసినాను.

అలాంటి సెడ్డుకి ఒకనాడు ఓడల ఏజెంటుగారి అమెరికా కారు వచ్చినాది. తెల్లగా, ఒడ్డుకి లాగిన తెప్పలాగ ఉన్నాది. ఎత్తెక్కితే ఇంజిను అరుత్తాది గానీ బండి కదల్దు, కింద ఎర్రాయిలు. మా మేస్త్రీ లోపల తలెట్టి సూసి, కాళ్ళకాడ మూడో పెడల్, అదే కిలచ్చి, లేదని, ఎవడో కొట్టీసినాడ్రా అన్నాడు. ఇంటన్నావా? అంత తెలివి మాది.

ఏజెంటుగారి కొడుక్కి అప్పుడే పెళ్ళయినాది. కొత్త జంటని ఆ కారులోనే సింహాచలం కొండెక్కించి బండికి పూజ సేయిత్తానని అమ్మగారు, అదే ఏజెంటుగారి భార్య, మొక్కుకున్నారు. మూడ్రోజుల్లో కారు కొండెక్కాల. మేస్త్రీ గేరుబాక్సు కింద ఆయిలు నిలిచే తట్ట బోల్టులు బిగించినాడు. కారడం ఎక్కువయినాది. ఇంకా బిగించినాడు. తట్టకీ బాక్సుకీ మద్దినుండే గాస్కెట్టు నలిగి నాలిక బయటెట్టీసినాది. అప్పుడు కార్కు అట్ట తెచ్చి, తట్ట మీదెట్టి, అంచెమ్మట సుత్తితో మెల్లగా కొట్టి, అచ్చు దింపి కొత్తది కోసినాను. ఆ అట్ట ఊర్లో మరి దొరకదు, అందుకని బోల్టులు బయపడతా బిగించినాం. కారడం ఆగిపోనాది.

ఇంక కొండెక్కడం. ఆ గేరుబాక్సులో ఒక డ్రమ్ము, దాని సుట్టూ ఇనపపట్టీ ఉంతాది, మొలతాడులాగ. పట్టీ వదులైపోతే డ్రమ్ము జారిపోతాది. బయట ఒక స్క్రూ ఉంతాది, దాంతో సరిసెయ్యాల. కారుతో వచ్చిన ఇంగ్లీసు పుస్తకం మాకు కొరుకుడు పడదు. కొత్త కోడలు, సిన్నమ్మగారు, కాలేజీ సదివినావిడ. సెడ్డుకి వచ్చి, ఆ మసిలోనే నిల్చొని సదివి పెట్టినారు. పెళ్ళికొడుకు ముక్కుకి రుమాలెట్టుకుని దూరంగా కూకున్నాడు. "పూర్తిగా బిగించి, తరవాత సరిగ్గా రెండు చుట్లు వెనక్కి వదలాలి" అన్నారావిడ. సరేనండీ అన్నాను. మనసులో మాత్రం, వదిలీడానికైతే బిగించడం ఎందుకు, ఈ గుంటకేటి తెలుసు అనుకున్నాను. బిగించీసి ఊరుకున్నాను.

మరుసట్రోజు నన్ను కూడా కారెక్కించినారు, దార్లో ఏదైనా అయితే సూత్తాడని. కొండెక్కినాది సూడూ, మేక ఎక్కినట్టు ఎక్కీసినాది! పూజైపోనాది, నిమ్మకాయలు తొక్కించినాం, నాను కాలరు ఎత్తీసినాను. కొండ దిగి గోపాలపట్నం సదును రోడ్డు మీదకి వచ్చినామో లేదో, ఎవులో తోక పట్టుకుని లాగినట్టు బండి బరువెక్కిపోనాది. మాడువాసన. ఆగిపోనాం. ఎత్తులో పట్టీ డ్రమ్ముని పట్టాల, సదునులో వదలాల; అది వదలట్లేదని నాకు అప్పుడే తెలిసిపోనాది.

అమ్మగారు కారు దిగీసి, కోడల్ని సూసి అన్నారు, "కొండ మీద పెద్దాయన కోపమే ఇది. ఈ పిల్ల పాదం మంచిది కాదు. మొదటిసారి ఎక్కింది, బండి ఆగింది."

ఆ పిల్ల తలెత్తినాది. నా ఏపు సూసినాది. అదొక్కటే. మొగుడు ఏటైనా అంతాడేమోనని సూసినాను. ఆడు రుమాలు ఎతుకుతన్నాడు. ఒప్పుకుంటే సెడ్డులో పని పోతాది, ఇంటికాడ మీ నాయనమ్మకి ఏడో నెల. ఒప్పుకోకపోతే ఆ పిల్ల బతుకంతా ఆ మాట మోసుకుని తిరగాల. సిగ్గేసినాది, నిజంగా సిగ్గేసినాది.

"అమ్మగారూ, పాదం కాదు, నా సెయ్యి" అన్నాను. "సిన్నమ్మగారు సదివి సెప్పినారు, రెండు సుట్లు వదలమని. ఆడపిల్ల మాటని నానే ఇనలేదు."

కాసేపు సల్లారనిచ్చి పానా అట్టుకుని కిందకి దూరినాను. సిన్నమ్మగారు పట్టుసీరతోనే రోడ్డు మీద మోకాళ్ళేసి, తల వంచి లెక్కెట్టినారు.

"ఒకటి. రెండు. చాలు, ఆపండి."

బండి హాయిగా కదిలినాది. అమ్మగారు ఇంటికెల్లీ దాకా కిటికీలోంచే సూసినారు. దిగినాక మాత్రం కోడలి సీరకంటిన మట్టి తన సేత్తో దులిపినారు.

సాయంత్రం మేస్త్రీ నన్ను బయటికి పంపీసినాడు. కట్టు కట్టే కదా. పది రోజులు మీ నాయనమ్మ నాతో మాటాడ్లేదు, దానికి తోడు గంజి. పదకొండో రోజు ఆ తెల్ల కారు మా గుమ్మం ముందు ఆగినాది. ఆ ధైర్యంతోనే మద్దిలపాలెంలో నాను పెట్టిన సొంత సెడ్డుకి అదే మొదటి బండి. సిన్నమ్మగారే నడుపుకుని వచ్చినారు, పుస్తకం పక్కనెట్టుకుని. మొగుడు ఎనక సీట్లో.

అదీ సంగతి. ఇప్పటి కార్లకి ఆ స్క్రూ ఉండదులే, నీది కంపెనీవోళ్ళు సూత్తారు. అయినా ఓసారి సూద్దాం పద. సల్లగా ఉండు తల్లీ, నువ్వెక్కిన బండి ఎక్కడా ఆగకూడదు. నా కళ్ళజోడు అక్కర్లేదు, ఉండనీ. నీ కారులో పుస్తకం ఉంతాది కదా, అది తే. నువ్వు సదువు. ఈసారి ఇంతాను.