కన్ను పెట్టని బొమ్మ

కాలేజీ గదిలో టీవీ మీద పాట అయిపోయింది. పెళ్లిళ్లు తీసే వీడియో కెమెరాను బాడుగకు తెచ్చి, రేపటి వార్షికోత్సవం కోసం సీనియర్ విద్యార్థి ఒకతను తీసిన పాట అది. అందులో నీళ్లకు పోయే పిల్లగా నటించిన అమ్మాయి అతని పక్కనే కూర్చుని ఉంది. మెచ్చుకుంటుందని ఎదురు చూశాడు.

"ఎట్లుండాది?"

"నా నడుముండాది, కాళ్లుండాయి, తడిసిన పైటుండాది. నా కండ్లు యాడుండాయన్నా?"

"కరువు పాట గదమ్మా. బిందె మోసే ఆడమనిషిని చూపించినా."

"ఆ మనిషిని ఎవురు చూస్తాండారు?"

"గట్టు మీద నిలబడిన హీరో."

"మరి ఆయమ్మి దేన్ని చూస్తాండాది?"

అతను పాటను వెనక్కి తిప్పి వెతకబోయాడు.

"ఏటి చెలమలో నీళ్లు ఊరతాయా లేదా అని చూసినా నేను. ఒకసారి నీ కెమెరా కల్లా సూటిగా చూసినా. అది యాడ పోయింది?"

"కెమెరాను చూస్తే తప్పమ్మా. అందుకే తీసేసినా."

"మా నాయన తోలుబొమ్మలు చేస్తాడు గదా. నగలు చెక్కి, చీరకు రంగులేసి, కడాకు కన్ను పెడతాడు. అందాకా దాన్ని బొమ్మ అనడు, తోలంటాడు."

అతను తల దించుకున్నాడు.

"రేపు ఆయన వస్తాడన్నా. బిడ్డ తెర మీద ఆడతాదని ఊరంతా చెప్పుకున్యాడు."

"చూసి తిడతాడా?"

"తిట్టడు. తోలు బాగుండాదప్పా, కన్నెప్పుడు పెడతారు అని అడుగుతాడు."