కెర్నెల్‌లో నిమ్మకాయ అన్నం

(పుదుచ్చేరి, ఇందిరా నగర్. 2009లో ఒక ఆదివారం మధ్యాహ్నం. వసారాలో కుర్చీ వేసుకొని, కంపెనీ పని మానుకొని ఇంటి పట్టున ఉన్న ఇంజినీరు పట్టాభిరామన్. ఎదురుగా, ఆ కంపెనీలోనే ఇప్పుడు పనిచేస్తున్న దీపా, ఒళ్ళో లాప్‌టాప్. గడప అవతల వంటింట్లో ఆయన భార్య లోగనాయకి.)

“అన్నీ తీసేయాల్నా దీపా?”

“అన్నీ సార్.”

“ఒకటి రెండు ఉంచుకోరాదా?”

“ఒప్పుకోరు సార్. మన సర్క్యూట్ బోర్డు నడిపే కోడు, లోకమంతా వాడే ఆ కెర్నెల్ ప్రోగ్రాంలోకి పోవాలంటే దాన్ని చూసుకునే వాళ్ళ పద్ధతే పద్ధతి. వరుస ఎనభై అక్షరాలు దాటకూడదు, బ్రాకెట్లు వాళ్ళు చెప్పిన చోటే ఉండాల, వరుస చివర ఊరికే ఖాళీలు ఉండకూడదు. అదంతా దిద్దేసినాను. మిగిలింది మీ లాగ్ మాటలే.”

“నా మాటలకేం వచ్చింది?”

“ఊరికే మాట్లాడతా ఉండాయి సార్. బోర్డు తగిలిస్తే చాలు, స్క్రీను నిండా మీరే.”

“ఏంది పాపా, మీ సార్ మాట్లాడతాడా? ఈ ఇంట్లో అడిగినదానికే జవాబు రాదు. లాగంటే ఏంది?”

“అది అత్తా, ప్రోగ్రాం నడిచేటప్పుడు లోపల యాడ దాకా వచ్చిందో, ఏం జరిగిందో బయటికి చెప్పే మాట. తప్పు వెతకడానికి రాసుకుంటారు. పని ముగిసినాక తీసేయాల. సార్ తీయలేదు.”

“వంటయినాక గిన్నెలు యాడివి ఆడనే వదిలేసినట్టు.”

“లోగా, నువ్వు కాఫీ చూడు.”

“చూస్తానే ఉండాను. చెవులకు పనేముంది.”

“సార్, రాసినాయన ఒప్పుకున్నట్టు ఒక మెయిల్ ఉంటేనే వాళ్ళు తీసుకుంటారు. ఈ సాయంత్రం దాటిందంటే ఈసారి విడుదలలో మనకు చోటు లేదు. నా పేరుతో కెర్నెల్లోకి పోయే మొదటి మార్పు సార్ ఇది.”

“ఒప్పుకునే ముందు ఏం పోతా ఉండాదో వినాల గదా. చదువు.”

“మీరు రాసిందే గదా సార్. మెయిల్లో కూడా పంపించినాను.”

“కండ్లు ముందు మాదిరి లేవమ్మా. చదువు. కొంచెం గట్టిగా.”

“‘ఈడ దాకా వచ్చినాం.’”

“ఊఁ.”

“‘ఈడ దాకా కూడా వచ్చినాం.’ ‘ఈడనే సచ్చింది.’ సార్, ఇంగ్లీషు అక్షరాలతో మన ఇంటి మాటలు రాసిపెట్టినారు. ఇదేం భాష, ఏమన్నా రహస్యమా అని అక్కడ కోడు చూసే ఆయన అడిగినాడు.”

“రహస్యమే. ఆఫీసులో అందరూ తమిళం. వాళ్ళకు తెలియకూడదనే అట్లా రాసింది. మేనేజర్ను తిట్టినవి కూడా ఉండాల.”

“వాటిని ముందే తీసేసినాను సార్.”

“మంచి పని చేసినావు. తర్వాతది.”

“‘ఆదివారం. కరెంటు పోయింది. మళ్ళీ మొదటి నుంచి.’”

“ఏ ఆదివారం పాపా?”

“తేదీ లేదత్తా.”

“ఎట్లా ఉంటుంది? ఈయన ఆదివారాలకు తేదీ ఉండదు, లెక్క ఉండదు. పొద్దున తల దువ్వుకొని పోతే దీపాలు పెట్టే పొద్దుకు వచ్చేది. ఆఫీసంట. పక్క వీధి నటేశన్ ఇంట్లో పేకముక్కల చీట్లాట కూడా ఆదివారమే మరి.”

“లోగా, పిల్ల ముందర ఏంది ఇది?”

“పిల్లకు తెలియని మాట ఏముంది ఇందులో. చదువు పాపా.”

“సార్, ఆ మెయిల్ ఒక్కటి పెట్టేస్తే నేను బయలుదేరతాను. ఆఫీసులో కార్తికేయన్ కాచుకొని ఉండాడు.”

“కాచుకోనీ. తర్వాతది.”

“‘నిమ్మకాయ అన్నం అయిపోయింది. బోర్డు ఇంకా పలకలేదు.’”

“ఏందీ?”

“‘నిమ్మకాయ అన్నం అయిపోయింది…’”

“వినబడింది. నేను కట్టిచ్చిన అన్నం కంప్యూటర్లో రాసుకున్నాడా ఈ మనిషి?”

“ఇంకా ఉండాది అత్తా. ‘పచ్చిమిరపకాయ కొరికినాను. నీళ్ళు లేవు.’ బోర్డు ఒక్కో సంకేతం పంపినప్పుడల్లా ఈ మాట పడతాది సార్. నిన్నంతా నా స్క్రీను మీద ఆగకుండా మిరపకాయే.”

“అప్పుడు కారం అట్లా ఉండింది.”

“కారం ఎక్కువని ఒక్కరోజైనా చెప్పినారా నాతో?”

“నీతో చెప్పగలనా లోగా. బోర్డుతో చెప్పుకున్నాను. చదువమ్మా, ఇంకొక్కటే ఉండాల.”

“‘ఆదివారం సాయంత్రం. బోర్డు పలికింది. చెప్పేదానికి ఎవురూ లేరు.’”

“అంతేనా?”

“అంతే సార్. ఇదే చివరిది.”

“ఇంటికి ఫోన్ చేసుండచ్చు గదా.”

“చేసినాను లోగా. చాలాసేపు మోగింది. ఎవురూ ఎత్తలేదు.”

“గుడికి పోయుంటాను.”

“ఆదివారమా? నువ్వు శుక్రవారం గదా పోయేది.”

“కాఫీ దించుతాను.”

“ఒక్క నిమిషం సార్, కార్తికేయన్ ఫోన్. చెప్పు కార్తీ. లేదు, ఇంకా సార్ ఇంట్లోనే. ఏందీ? ఎప్పుడు? పొద్దునేనా? సరిగా చూసినావా? సరి, సరి, వచ్చేస్తాను… సార్.”

“ఊఁ.”

“మీరు ఒప్పుకున్నట్టు మెయిల్ పొద్దునే వచ్చేసిందంట. నేను ఇంట్లోనుంచి బయలుదేరక ముందే.”

“వచ్చిందా. మంచిది.”

“మరి నన్ను ఎందుకు పిలిపించినారు సార్? ఇంతసేపు గట్టిగా చదువు, గట్టిగా చదువు అని?”

“నీకేం తెలుసమ్మా నా కష్టం. ఆదివారాలు ఆఫీసులోనే ఉన్నానని నేను ఎన్నేండ్లుగా చెప్తా ఉండానో. నమ్మితే గదా. నువ్వు ఈ మాటలన్నీ తుడిచేస్తే నాకింక సాక్షి ఎవురు? పోయే ముందు ఒక్కసారి, పరాయి పిల్ల నోటితో, ఆమె చెవిన పడాలని పిలిపించినాను.”

“అయ్యో సార్. అత్తా, విన్నారా? ఆయన తప్పేమీ లేదు.”

“వింటిని పాపా.”

“ఇప్పుడైనా నమ్మినావా లోగా?”

“నమ్మేదేముంది. మీరు ఒక్క ఆదివారం కూడా నటేశన్ ఇంటి గడప తొక్కలేదని నాకు అప్పుడే తెలుసు.”

“తెలుసా?”

“కాఫీ తీసుకో పాపా. తాగి, ఆ రాతలన్నీ కొట్టేసి పంపించేయ్. పొద్దు పోతా ఉండాది.”

“అప్పుడే తెలుసునా? మరి ఇన్నేండ్లు నన్ను ఎందుకు… ఉండు లోగా. నీకెట్లా తెలుసు?”

“ఆ చీట్లాటకు ఒక చెయ్యి తక్కువైందని నటేశన్ పెండ్లాం ప్రతి ఆదివారం కూర్చోబెట్టింది నన్నే గదా.”