కడిగేసిన సాయంత్రం

చాలా ఏళ్ల కిందట మార్చి మూడవ తేదీన, ఈ అభినందన సంచిక అందుకుంటున్న వారు మా మ్యూజియంలో చేరిన రోజునే, మొగలు ప్రాసాద శిథిలాల చిత్రంలోంచి సాయంత్రం మాయమైంది.

అది చేత్తో రంగులద్దిన పాతకాలపు అచ్చు చిత్రం. కూలిన కమానుల వెనుక, నది మీద, పేరు తెలియని చిత్రకారుడు పరిచిన పలుచని పసుపు వెలుగు ఉండేది. ఆ పూట అక్కడ తెల్ల కాగితం మిగిలింది. మరమ్మతు గదిలో, కొత్తగా చేరిన వారి బల్ల మీద చిత్రం తడిగా ఉంది. బల్ల వారిది కనుక తప్పూ వారిదేనని అందరం తీర్మానించేశాం.

"ఆకాశం తుడిచింది నువ్వేనా?" అని మ్యూజియం అధికారి వారిని అడిగారు.

"నా బల్ల మీదే ఉంది కదండీ," అన్నారు తల వంచుకుని.

ఉద్యోగం ఖాయం కావడానికి ఏళ్లు పట్టింది గానీ, 'సాయంత్రం గారు' అన్న పేరు మాత్రం ఆ మధ్యాహ్నానికే ఖాయమైంది. "ఇంట్లో కాఫీ గ్లాసు కడగని మనిషి ఆఫీసులో ఆకాశం కడిగారట," అని వారి సతీమణి గారు ఇప్పటికీ నవ్విస్తారు.

సహాయకుడిగా మొదలై విభాగాధిపతి అయిన వారు ఈ గదికొక నియమం నేర్పారు. చిత్రాన్ని తడిపే ముందు ప్రతి రంగునూ తడి దూదితో ఒక మూల తాకాలి. దూదికి రంగంటితే ఆగిపోవాలి. ఖాళీ కాగితంలా కనిపించే చోటునైనా వదలకూడదు.

"కాస్త పసుపు అద్దేయండి సార్, పీడా పోతుంది," అని ఒకసారి నేనే అన్నాను.

"అద్దితే అది నా సాయంత్రం అవుతుందయ్యా. ఆ చిత్రకారుడిది కాదుగా."

అందుకే ఆ చిత్రం నేటికీ అలాగే ఉంది. పైన తెల్లని మధ్యాహ్నం, కింద మెట్ల మీద పొడవాటి సాయంకాలపు నీడలు. దాని ముందు నిలబడినవారు తాము ఏ వేళలో ఉన్నదీ కాసేపు మరచిపోతారు.

ఈ సంచికకు ఆశీస్సులు కోరి, ఆనాటి మరమ్మతు విభాగం పెద్దాయన ఇంటికి మొన్న వెళ్లాను. పెద్దాయన ఆ ఆకాశం సంగతి ఎత్తారు.

"ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా?" అంది కూతురు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడమ్మా? రాసుకో బాబూ, ఒక్క ముక్క మార్చకు," అన్నారు. వారి మాటలివి:

"అప్పట్లో నా కళ్లకు పొరలు కమ్మాయి. ఏ కాగితం చూసినా పసుపే. ఆ ఆకాశమూ మరకే అనుకుని దూదితో తుడిచేశాను. వెలుతురు బాగుంటుందని కొత్తగా చేరిన అతని బల్ల మీద పెట్టుకున్నాను. పచ్చబడ్డ దూది నా చేతిలో ఉండగానే అతను గదిలోకి వచ్చాడు. నా కళ్ల సంగతి బయటపడితే నా ఉద్యోగం పోతుందని అతనికి అర్థమైంది. తప్పు తన మీదే వేసుకున్నాడు. నిజం నేనూ చెప్పలేదు, అదే నా పాపం. అతనికి ఇదే నా ఆశీస్సు: నాయనా, నూరేళ్లు ఆరోగ్యంగా, నిండుగా ఉండు. రోజూ ఒక సాయంత్రం చూడు. ఆ ఒక్కటీ కడిగేసింది నేను."