గడియ పెట్టిన గది

చెల్లెలి మర్మాంగం దగ్గరి ఎర్రమచ్చ నుంచి పెద్దాసుపత్రిలో తీసిన ముక్క పరీక్ష ఫలితం వచ్చింది. చర్మవైద్యురాలైన అక్క ఆమెను తన క్లినిక్‌కి పిలిచి, ఎదురుగా కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అక్కకు తోచలేదు.

“తామర కాదే. చర్మం పైపొరలో పుట్టే కాన్సర్. చాలా అరుదు.”

“మరి నువ్విచ్చిన ఆయింట్‌మెంట్‌కి దురద తగ్గిందిగా అక్కా?”

“తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ముక్క తీస్తేగానీ తేడా తెలీదు.”

“అయితే ఇందులో నీ తప్పేముంది?”

“ఏడాదిగా ఫోన్లోనే మందులు చెబుతూ వచ్చానే.”

“మొదట్లో మీ ఇంటికొచ్చాను కదా. గది గడియ కూడా పెట్టాను. ‘ఛీ, నీదేం చూస్తానే, తామరేలే’ అని నవ్వావు. బతికిపోయాన్రా దేవుడా అని నేనూ నవ్వాను.”

అక్క తల దించుకుంది.

“నిజం చెప్పు. బయటిమనిషైతే?”

“మొదటిరోజే చూసేదాన్ని. మందుకి లొంగకపోతే ముక్క తీయించేదాన్ని.”

“బాగా ముదిరిందా?”

“లోపలికి దిగిందో లేదో ఆపరేషన్ చేస్తేనే తెలుస్తుంది.”

చెల్లెలు లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది.

“ఇవాళ నేను బయటిమనిషిననుకో. చూడు.”